ఆటో గేరు కావాలా, తొక్కకుండా మారే గేరు చాలా? ఏటిగట్టు నుంచి మారేడుమిల్లి దాకా

ముందే తేల్చి చెప్పేస్తే చదివేవాళ్లకు పని సులువు. మోటారు ఉన్న మౌంటెన్ బైకు కొంటున్నవాళ్లు ఆటో షిఫ్ట్ (గేరు దానంతటదే మారడం) అనే మాట చూసి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. దానితోపాటు అదే పెట్టెలో వచ్చే రెండో సౌకర్యం ఒకటుంది. కాళ్లు ఆపి బండిని దొర్లనిస్తున్నా గేరు మారిపోవడం. దానికి పెట్టిన డబ్బు మాత్రం పూర్తిగా గిట్టుబాటు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మంచిదనో చెడ్డదనో అనేయడం వల్లే కొనేవాళ్లకు ఇంత గందరగోళం.

ఇక్కడ చూస్తున్నది షిమానో, స్రామ్, పినియన్ అనే మూడు సైకిలు గేర్ల కంపెనీల సరుకు: షిమానో వాళ్లు 2022లో ఈపీ801, ఈపీ600 మోటార్లతో కలిపి తెచ్చిన ఎక్స్‌టీ డీఐ2 గేర్లు, స్రామ్ వాళ్లు 2023 సెప్టెంబరులో తెచ్చిన ఈగిల్ పవర్‌ట్రెయిన్, అదే ఏడాది పినియన్ తెచ్చిన ఎంజీయూ అనే మోటారు-గేరుబాక్సు, 2025లో షిమానో తెచ్చిన క్యూ-ఆటో. మొదటి రెండూ అసలు సిసలు మౌంటెన్ బైకుల కోసం. మూడోది కొండకూ రోడ్డుకూ రెండింటికీ. నాలుగోది మౌంటెన్ బైకుకు కాదు గానీ, గోదావరి డెల్టాలో ఉండేవాళ్లు దాని సంగతి తెలుసుకోవడం అవసరం. ఎందుకో చివర్లో వస్తుంది.

ఆటో అంటే లోపల జరిగేది పెద్ద మాయ కాదు. మోటారులో మూడు కొలతలుంటాయి: పెడల్ మీద పడే బలం, నిమిషానికి కాలు ఎన్ని చుట్లు తిరుగుతోంది, చక్రం వేగం. ఈ మూడూ చూసి, మీరు ముందుగా చెప్పిపెట్టిన చుట్ల లెక్కకు కాలు దగ్గరగా ఉండేలా కంప్యూటరు డిరైలర్‌కు, అంటే వెనక చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి తోసే భాగానికి, ఆజ్ఞ ఇస్తుంది. చుట్లు తగ్గితే పెద్ద పళ్ల చక్రానికి, పెరిగితే చిన్నదానికి. అంతే. ఈ కొలతలన్నీ ఇప్పటికే జరిగిపోయినవాటివి అన్నది గుర్తు పెట్టుకోండి. పది మీటర్ల ముందు ఏముందో కంప్యూటరుకు తెలియదు. కొండ తొక్కేవాడు గేరు మార్చేది మాత్రం కళ్లతో చూసి, ముందున్నదాని కోసం.

ఆ తేడా ఎంతో తెలియాలంటే కొండ దాకా పోనక్కర్లేదు. కాలవ గట్టు మీంచి లాకుల వంతెన మీదికో, రేవులో పంటు దిగి ఏటిగట్టు మీదికో ఎక్కే పొట్టి ర్యాంపు చాలు. ఒక లెక్క వేసి చూద్దాం. ముందు చైన్‌వీల్‌కు 32 పళ్లు, వెనక 16 పళ్ల చక్రంలో ఉన్నారనుకోండి. 29 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.3 మీటర్లు పోతుంది. అంటే పెడల్ ఒక చుట్టుకు 4.6 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు 22 కిలోమీటర్లు. గట్టు మీద హాయైన వేగం. ర్యాంపు మొదలైంది, వేగం 12కు పడిపోతుంది. గేరు మార్చకపోతే కాలు నిమిషానికి 43 చుట్లకు దిగిపోతుంది, మోకాలు మూలుగుతుంది. సుఖంగా 75 చుట్లు తొక్కాలంటే 28 పళ్ల చక్రం కావాలి. షిమానో 10-51 క్యాసెట్‌లో (వెనక పళ్ల చక్రాల గుత్తిలో) 16 నుంచి 28కి మధ్య 18, 21, 24 ఉన్నాయి. మొత్తం నాలుగు మార్పులు.

అలవాటున్న మనిషి ఏం చేస్తాడు? ర్యాంపుకు నాలుగైదు మీటర్ల ముందే, చైను మీద ఇంకా బరువు లేనప్పుడే బొటనవేలితో నాలుగు నొక్కులు నొక్కేస్తాడు. కాలు ఒకటి రెండు చుట్లు తేలిగ్గా తిరుగుతుంది, అంతలో ర్యాంపు వచ్చేస్తుంది, బరువు సరిగ్గా సరిపోతుంది. ఆటో ఏం చేస్తుంది? ర్యాంపు ఎక్కేదాకా ఏమీ చేయదు, ఎందుకంటే దాని లెక్కలో అంతా బాగానే ఉంది. చుట్లు 80 నుంచి 65కు పడ్డాక గానీ మొదటి మార్పు రాదు. చైను క్యాసెట్ మీద ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి ఎక్కేది ఎక్కడ పడితే అక్కడ కాదు. పళ్లలో అందుకోసం ప్రత్యేకంగా చెక్కిన చోట్లుంటాయి, అవి తిరిగి వచ్చేదాకా ఆగాలి. ఒక్కో మార్పుకు అర సెకను వేసుకున్నా నాలుగు మార్పులకు రెండు సెకన్లు. అప్పటికి ర్యాంపులో మరో ఎనిమిది, పది మీటర్లు ఎక్కేసి ఉంటారు. పైగా ప్రతి మార్పుకూ చైను విరగకుండా, పళ్లు అరగకుండా మోటారు క్షణకాలం బలం తగ్గిస్తుంది. బలం ఎక్కువ కావలసిన చోటే బలం తగ్గుతుందన్నమాట. ముప్పై మీటర్ల ర్యాంపులో సగం దూరం తప్పుడు గేరులోనే పోతుంది.

ర్యాంపు కాబట్టి ఇంతటితో సరిపోయింది. అదే మారేడుమిల్లి అడవిలో వేళ్లూ రాళ్లూ ఉన్న కాలిబాట అనుకోండి. అక్కడ కాలు పూర్తి చుట్టు తిరగనే తిరగదు. రాయికి పెడల్ తగలకుండా పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్లీ ముందుకు తొక్కుతూ పోతారు. చుట్లు లెక్కపెట్టే యంత్రానికి అది కాలు ఆగిపోయినట్టు కనిపిస్తుంది. గట్టిగా ఒక్క తొక్కు తొక్కి రాయి దాటాలనుకున్న క్షణంలోనే గేరు మారితే కాలు ఒక్కసారి ఖాళీగా జారిపోతుంది. పడిపోయేది అక్కడే. కొండ బాగా తొక్కేవాళ్లు ఆటో వద్దనడానికి ఇదే అసలు కారణం. కొత్తదంటే పడకపోవడమో, పాత అలవాటు మీద మమకారమో కాదు.

బురద సంగతి ఇంకోటి. డెల్టా నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పాలా? వెనక చక్రం పట్టు వదిలి గిర్రున తిరిగితే చక్రం వేగం పెరుగుతుంది, కాలి చుట్లు పెరుగుతాయి, పెడల్ మీద బలం తగ్గుతుంది. మూడు కొలతలూ కలిసి యంత్రానికి చెప్పేది ఒక్కటే: దారి సులువైంది, గేరు బిగించు, అంటే చిన్న పళ్ల చక్రానికి మార్చు. చేయవలసిందానికి ఇది సరిగ్గా తలకిందులు. జారినప్పుడు ఒక గేరు బిగువుగా ఉంటే కొంత పట్టు దొరికే మాట నిజమే, కానీ అది ముందే ఎంచుకుని కూర్చున్నప్పుడు. జారుతున్నప్పుడు మధ్యలో మారితే కాదు. కొబ్బరి తోటల మధ్య బోదె దాటేచోట, వరి కోత మిషను తిరిగి గాళ్లు పడిన డొంకల్లో ఆటో తీసేసి తొక్కాలి.

మరి గట్టు మీద చదునైన దారిలో? ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నుంచి దిగువకు గౌతమి గట్టు వెంట పోయినా, వశిష్ఠ గట్టు వెంట పోయినా ఎత్తుపల్లాలు లేవు గదా, ఇక్కడ గేర్ల పనేమిటి అనిపిస్తుంది. డెల్టాలో కొండ పని గాలి చేస్తుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి ఎదురుగా కొడితే అదే 16 పళ్ల గేరులో వేగం 15కు దిగుతుంది, కాలు 54 చుట్లకు పడుతుంది. 21 పళ్లకు మారితే మళ్లీ 70కి వస్తుంది. గాలి మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఇక్కడ ఆటో బాగానే నడుస్తుంది. జరిగిపోయాక చదివినా తేడా రాదు. ఒక్క ఇబ్బంది: గాలి విసురుగా, ఆగి ఆగి కొడుతుంటే రెండు గేర్ల మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. నిమిషానికి నాలుగైదుసార్లు టక్కు టక్కుమని మారుతుంటే చెవికి చిరాకు, పళ్లకు అరుగుదల. ఫోనులోని కంపెనీ యాప్‌లో చుట్ల లెక్కను నాలుగైదు తగ్గించినా పెంచినా ఈ ఊగడం చాలావరకు సర్దుకుంటుంది.

ఇక డబ్బుకు విలువైన సంగతి. షిమానో దీన్ని ఫ్రీ షిఫ్ట్ అంటుంది, స్రామ్ కోస్ట్ షిఫ్ట్ అంటుంది. పేరేదైనా పని ఒకటే. మామూలు గేర్ల సైకిలులో చైను కదిలితేనే గేరు మారుతుంది. చైను కదలాలంటే కాలు తిరగాలి. ఇందులో కాలు కదలకపోయినా మోటారు చైన్‌వీల్‌ను మాత్రం తిప్పుతుంది. క్రాంకు, పెడల్ ఉన్నచోటే ఉంటాయి. ఆలోచన కొత్తదేం కాదు, 1970లలోనే షిమానో ముందు చైన్‌వీల్‌లో ఫ్రీవీల్ పెట్టి చక్రం దొర్లుతున్నంతసేపూ చైను తిరిగేలా సైకిళ్లు చేసింది. అప్పట్లో బరువూ ఖర్చూ ఎక్కువై నిలబడలేదు. మోటారు వచ్చాక ఆ ఆలోచనకు తగిన చోటు దొరికింది.

మారేడుమిల్లి ఘాటీలో దిగుతున్నారనుకోండి. 12 పళ్ల గేరు, గంటకు 35. ఎదురుగా హెయిర్‌పిన్ మలుపు, మలుపు దాటగానే చిన్న ఎక్కుడు. బ్రేకు పట్టి 10కి తెచ్చారు. మలుపులో బండి వాలి ఉంది కాబట్టి లోపలి పెడల్ నేలకు తగలకుండా రెండు పెడళ్లూ సమంగా పెట్టుకుని ఉండాలి, తొక్కడానికి లేదు. మలుపు బయటికి వచ్చి తొక్కబోతే 12 పళ్ల గేరులో కాలు నిమిషానికి 27 చుట్లు. బండి కదలదు, చేతులు ఊగుతాయి, అప్పుడు గేరు మార్చబోతే చైను కరకరలాడుతుంది. ఫ్రీ షిఫ్ట్ ఉంటే బ్రేకు పడుతూనే ఆరు నొక్కులు నొక్కితే మలుపులోనే 28కి వచ్చేస్తుంది, బయటికి రాగానే 63 చుట్లతో తొక్కుడు మొదలు. ఇంత మేలు చేసే మార్పు గేర్లలో ఈ మధ్య కాలంలో ఇంకోటి రాలేదు.

దొర్లుతున్నప్పుడు మాత్రం ఆటో కూడా మంచిదే. ఇందాక అన్నదానికి ఇది విరుద్ధం కాదు. కాళ్లు ఆగి ఉన్నప్పుడు గేరు ఎంచుకోవడానికి కావలసింది వేగం ఒక్కటే. ఈ వేగానికి మళ్లీ కాలు వేస్తే ఏ గేరు సరిపోతుంది అన్నది పచ్చి కూడికల లెక్క, అందులో కంప్యూటరు పొరబడదు. కాలు కష్టపడుతున్నప్పుడు మాత్రం లెక్కకు అందని సంగతులు చాలా ఉంటాయి. అందుకే షిమానో సెట్టింగుల్లో ఆటోను దొర్లేటప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకోవడం, తొక్కేటప్పుడు గేరు మన చేతిలో ఉంచుకోవడం, ఇదే ఇప్పటికున్న వాటిలో ఉత్తమమైన అమరిక. మౌంటెన్ బైకరుకు కావలసిన ఆటో ఇంతే. స్రామ్‌లో కూడా ఆటో నడుస్తున్నా గేరు బటన్ నొక్కితే మన మాటే చెల్లుతుంది. కాబట్టి ఆటోతో కొన్నవాళ్లు చెయ్యి బటన్ మీంచి తీయకుండా ఉంటే నష్టం తగ్గుతుంది.

కొత్త బండి తెచ్చుకున్నవాళ్లు అమర్చుకునే పద్ధతి ఇలా ఉంటే మేలు. మొదటి వారం ఆటో పూర్తిగా ఆపి, ఫ్రీ షిఫ్ట్ మాత్రం వేసి తొక్కండి. గాలి లేని పొద్దున పూట గట్టు మీద మీకు సుఖంగా ఉన్న గేరులో తొక్కుతూ కుడి కాలు కిందికి వచ్చినప్పుడల్లా ఒకటి చొప్పున 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. వచ్చినదే మీ చుట్ల లెక్క. చాలామందికి 65 నుంచి 80 మధ్య వస్తుంది. పుస్తకాల్లో 90 అని ఉందని 90 పెట్టుకోవద్దు. ఆటోలో 90 పెడితే గేరు ఎప్పుడూ వదులుగా ఉండి కాలు పరుగెడుతుంటుంది, ఆయాసం తప్ప లాభం లేదు. ఈ లెక్కను యాప్‌లో ఎక్కించి, రెండో వారం దొర్లేటప్పుడు మాత్రం ఆటో వేయండి. మూడో వారం కావాలంటే చదునైన గట్టు మీద పూర్తి ఆటో చూడండి. ఎక్కువమంది రెండో దగ్గరే ఆగిపోతారు, అది సరైన చోటే.

జాగ్రత్తలు చెప్పాలంటే డెల్టాకు డెల్టా జాగ్రత్తలే. మొదటిది వరిగడ్డి. కోతల కాలంలో రోడ్డు మీద, గట్టు మీద గడ్డి పరిచి ఉంటుంది. పోచలు డిరైలర్ కింది చిన్న చక్రాలకు చుట్టుకుని, ఇరుసు దగ్గర బిగుసుకుని, చివరికి క్యాసెట్‌కూ ఊచలకూ మధ్యకు పోతాయి. మామూలుగా తొక్కేటప్పుడు ఆ బిగుతు ముందు పాదానికి తెలుస్తుంది. కాలు కొంచెం బరువెక్కుతుంది, ఆగి చూస్తారు. ఫ్రీ షిఫ్ట్‌లో చైనును తిప్పేది మోటారు కాబట్టి ఆ సంగతి పాదానికి చేరదు. గడ్డి మీంచి పోయేటప్పుడు గేరు మార్చకండి, ఆటో ఆపేయండి, దాటాక దిగి చిన్న చక్రాలకు చుట్టుకున్న పోచలు చాకు మొనతో కోసి తీయండి. ఈ ఒక్క అలవాటు ఖరీదైన డిరైలర్‌ను కాపాడుతుంది. ఎలక్ట్రానిక్ డిరైలర్ ధర మామూలుదానికి ఎన్నో రెట్లు.

రెండోది వేళ్లు. బండిని స్టాండు మీద పెట్టి చైను తుడుస్తున్నప్పుడు బ్యాటరీ స్విచ్ తప్పనిసరిగా ఆపేయాలి. ఆటో వేసి ఉన్న బండి చక్రం చేత్తో తిప్పితే దానికి బండి నడుస్తున్నట్టే, డిరైలర్ కదలొచ్చు. చైనుకూ పళ్లకూ మధ్య వేలు పడితే అంతే సంగతులు. లుంగీ, పంచె కట్టుకుని ఊళ్లోకి పోయేవాళ్లు కూడా ఇది గమనించాలి: కాళ్లు కదలడం లేదు కదా అని చైన్‌వీల్ ఆగి ఉందనుకోవద్దు, ఫ్రీ షిఫ్ట్‌లో అది తిరుగుతుంది, అంచు లాగేస్తుంది.

మూడోది నీళ్లు, ఉప్పు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం గాలి, రొయ్యల చెరువుల గట్లు, ఇవి రెండూ లోహానికి పగవాళ్లు. బండిని కార్లు కడిగే చోట ప్రెషరు పైపుతో కడిగించవద్దు. ఆ వేగానికి నీళ్లు మోటారు సీళ్లు దాటి, వైరు అతుకుల్లోకి పోతాయి. ఆ క్షణంలో ఏమీ కాదు, నెలా రెండు నెలలకు అతుకులో పచ్చగా చిలుము పట్టి గేరు ఒకసారి మారుతుంది, ఒకసారి మారదు. అప్పుడు కారణం వెతకడం కష్టం. బకెట్ నీళ్లు, మెత్తని బ్రష్, సబ్బునీళ్లు, పొడిగుడ్డ చాలు. సముద్రం ఒడ్డున తిరిగొచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి, చైను ఆరాక నూనె వేసి, పైపైన అంటిన నూనె తుడిచేయాలి. తుడవకపోతే ఇసుక అంటుకుని చైనే ఆకురాయిలా పనిచేస్తుంది. చైను కొలిచే గేజీ ఒకటి కొనిపెట్టుకోండి. 12 గేర్ల చైను 0.5 గుర్తు దాటితే మార్చేయాలి, ఆలస్యం చేస్తే క్యాసెట్ కూడా పోతుంది. ఆటో మనకంటే ఎక్కువసార్లు గేరు మారుస్తుంది కాబట్టి ఈ కొలత ఇంకా తరచుగా చూడాలి. షిమానోలో 11 గేర్ల లింక్‌గ్లైడ్ రకం తీసుకుంటే పళ్లు మందంగా ఉంటాయి. మూడు రెట్లు ఎక్కువ మన్నుతుందని కంపెనీ చెబుతుంది. మన బురదకు 12 గేర్ల కంటే అదే నయం. ఒక గేరు తక్కువైతే డెల్టాలో పోయేదేమీ లేదు.

స్రామ్ డిరైలర్‌లో ఒక బలం ఉంది. హ్యాంగర్ అనే మెత్తని ముక్క లేకుండా నేరుగా ఫ్రేముకే బిగుస్తుంది, 35 న్యూటన్ మీటర్ల బిగింపు. కింద పడినా, రాయికి తగిలినా వంకర పోవడం తక్కువ. అయితే ఆ బిగింపుకు టార్క్ రెంచి ఉండాలి, చేతి అంచనా పనికిరాదు. హ్యాండిల్ మీది బటన్లు వైరు లేకుండా పనిచేస్తాయి, వాటిలో సీఆర్2032 గుండు సెల్లు ఉంటుంది. వాచీల దుకాణంలో దొరికేదే. ఒకటి బ్యాగులో వేసుకుంటే చాలు.

పినియన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిన బాధల్లో సగం దానికి లేవు. గేర్లన్నీ మోటారుతోపాటు ఒకే మూసిన పెట్టెలో నూనెలో ఉంటాయి. ఈ1.12 రకంలో 12 గేర్లు. అన్నిటికంటే వదులు గేరుకూ బిగువు గేరుకూ మధ్య 600 శాతం తేడా, మోటారు బలం 85 న్యూటన్ మీటర్లు. బయట క్యాసెట్ లేదు, డిరైలర్ లేదు, చైను బదులు బెల్టు పెట్టుకోవచ్చు. గడ్డి చుట్టుకోవడానికి చోటే లేదు. పళ్లు ఎక్కే చోటు కోసం ఆగాల్సిన పనిలేదు కాబట్టి గేరు వెంటనే మారుతుంది. బండి ఆగి ఉన్నా మారుతుంది. రైల్వే గేటు దగ్గరో, గేదెల మంద అడ్డం వచ్చినప్పుడో బిగువు గేరులో ఆగిపోతే, బయల్దేరే గేరుకు అదే వచ్చి కూర్చుంటుంది. దొర్లేటప్పుడు వేగానికి తగ్గ గేరు ముందే పెట్టుకుంటుంది. పదివేల కిలోమీటర్లకోసారి నూనె మార్చాలి. ర్యాంపు ముందే తెలియకపోవడం అనే అసలు లోపం దీనికీ ఉంది, అది పోలేదు. కానీ ఆలస్యమైనా మార్పు త్వరగా అయిపోతుంది కనుక నష్టం తక్కువ. గోదావరి జిల్లాల మట్టికీ, నీటికీ ఈ నాలుగింటిలో ఇంజనీరింగు పరంగా తగినది ఇదే. కష్టమల్లా దీనికోసమే చేసిన ఫ్రేము కావాలి, పాత బండికి బిగించలేరు. పెట్టె లోపల చెడితే ఇక్కడ విప్పేవాళ్లు లేరు, మొత్తం యూనిట్ కంపెనీకి పంపాల్సిందే.

మరమ్మతు సంగతి కొనేముందే ఆలోచించాలి. రాజమండ్రి, భీమవరం, అమలాపురం సైకిలు షాపుల్లో గేరు వైరు మార్చడం, హ్యాంగర్ సరిచేయడం చక్కగా చేస్తారు. వైరు గేరుకు అయ్యే ఖర్చు వందల్లోనే పోతుంది, అరగంటలో పని తెములుతుంది. ఈ బండ్లకు కావలసింది ఫోనులో యాప్, సాఫ్ట్‌వేరు అప్‌డేట్, తప్పు కోడు చదవడం. యాప్ మీ ఫోనులో ఉంటుంది కాబట్టి ఆ పని సగం మీరే నేర్చుకోవాలి. డిరైలర్ అక్షరాలా అర మిల్లీమీటరు పక్కకు ఉన్నా ఆటోలో కరకరమంటుంది. యాప్‌లో సన్న సర్దుబాటు ఎక్కడుందో కొన్న రోజే అమ్మినవాళ్ల చేత చూపించుకోండి.

షాపులో ఎలక్ట్రిక్ సైకిల్ అని చూపించేవాటిలో ఎక్కువ భాగానికి మోటారు వెనక చక్రం ఇరుసులో ఉంటుంది, గేర్లు వైరుతో నడిచే ఏడు. వాటికి ఆటో అమర్చమని అడగవద్దు. మోటారు చక్రంలో ఉంటే చైన్‌వీల్‌ను తిప్పేది కాలే, కాబట్టి తొక్కకుండా గేరు మారే వీలే లేదు. పెడల్ తిరుగుతోందా లేదా అని చూసే సెన్సరే తప్ప ఎంత బలం పడుతోందో చూసే సెన్సరు వాటిలో చాలావాటికి ఉండదు. ఇంతదాకా చెప్పిన రకం ఆటో కావాలంటే మోటారు పెడళ్ల దగ్గర ఉండాలి. ఇంకొకటి: మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్, లైసెన్సు లేకుండా నడపవచ్చు. విదేశం నుంచి తెప్పించుకునేవాళ్లు ఈ రెండు అంకెలూ కాగితం మీద చూసుకోవాలి. కొన్ని దేశాల కోసం చేసినవి 32 దాకా తోస్తాయి.

మోటారు లేకుండా కొండ తొక్కేవాళ్లకు ఆటో లేదు, దొర్లుతూ మారే గేరూ లేదు. వాళ్లు బెంగపడనక్కర్లేదు. మారేడుమిల్లిలో మంచి వైరు గేరు, ముందే నొక్కే బొటనవేలు, ఈ రెండూ చాలు.

ఇక క్యూ-ఆటో. దీనికి మోటారు లేదు, ఛార్జింగు లేదు. వెనక ఇరుసులోనే చిన్న డైనమో ఉండి, చక్రం తిరిగితే పుట్టే కరెంటుతో గేర్లు మారతాయి. వేగం, కాలి చుట్లు, దారి వాలు చూసి గేరు ఎంచుకుంటుంది. మీకు నచ్చక బటన్ నొక్కి మారిస్తే ఆ ఇష్టాన్ని గుర్తుపెట్టుకుని తర్వాత నుంచి అలాగే నడుచుకుంటుంది. 2007లో షిమానో కోస్టింగ్ పేరుతో మూడు గేర్ల ఆటో ఇరుసు తెచ్చి కొన్నేళ్లకే ఆపేసింది. మూడు గేర్లకు, మన మాట వినని పెట్టెకు ఆ గతి పట్టింది. ఇందులో గేర్లూ ఎక్కువ, నేర్చుకోవడమూ ఉంది. ఊళ్ల మధ్య, గట్ల వెంట పదీ పదిహేను కిలోమీటర్లు తిరిగే టీచర్లకు, రొయ్యల చెరువుల మీద రోజూ రెండు పూటలా తిరిగేవాళ్లకు, గేర్లంటే భయపడి ఒకే గేరులో మోకాళ్లు అరగదీసుకునే పెద్దవాళ్లకు సరిపోయే ఆటో ఇది. వాళ్ల దారిలో ముందున్నది కనిపెట్టాల్సినంత మలుపులు లేవు, గాలి ఉంది, లాకుల ర్యాంపులు ఉన్నాయి. ర్యాంపు ముందు ఒక్కసారి బటన్ నొక్కడం అలవాటు చేసుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. తీసుకునేముందు వెనక చక్రం ఊచలు తెగితే ఆ ఇరుసుకు సరిపడే ఊచలు ఏ పొడవో అడిగి, అర డజను అదనంగా తీసుకోండి. డైనమో ఇరుసు లావుగా ఉంటుంది, మామూలు ఊచలు దానికి పొడవెక్కువవుతాయి.